ట్యాబ్ నెమ్మదించింది: ర్యామ్ చాలట్లేదా, స్టోరేజ్ నిండిందా, రోగం ఇంకేదైనానా?

కొన్న కొత్తలో బాగానే ఉన్న ట్యాబ్ రెండేళ్లు తిరిగేసరికి మొరాయించడం మొదలుపెడుతుంది. యూట్యూబ్‌లోంచి బయటికొస్తే హోమ్ స్క్రీన్ ఖాళీగా కనబడి, ఐకాన్లు ఒక్కొక్కటిగా తేలతాయి. కీబోర్డు పైకి రావడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. క్రోమ్‌లో సగం చదివి వదిలిన పేజీ దగ్గరికి తిరిగి వెళ్తే మళ్లీ మొదటినుంచి లోడవుతుంది. ఇంట్లో ఒకరు 'మెమరీ ఫుల్లయింది' అని తేల్చేసి ఫొటోలు డిలీట్ చేస్తారు, ఇంకొకరు ఏదో క్లీనర్ యాప్ వేస్తారు. మొదటిది ఒక్కోసారి పనిచేస్తుంది, చాలాసార్లు చేయదు. రెండోది ఉన్న జబ్బును ఇంకాస్త ముదరబెడుతుంది.

ర్యామ్ అంటే తెరిచిన యాప్‌లు పనిచేసుకునే తాత్కాలిక చోటు, స్టోరేజ్ అంటే యాప్‌లు, ఫొటోలు శాశ్వతంగా ఉండే చోటు. ఇక్కడ చెప్పేది ప్రధానంగా 2 నుంచి 4 జీబీ ర్యామ్ ఉన్న ఆండ్రాయిడ్ ట్యాబ్‌ల గురించి. ఉదాహరణగా శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్‌ను ముందు పెట్టుకుందాం. 2021లో వచ్చిన 8.7 అంగుళాల ట్యాబ్ ఇది. 3 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజ్, మీడియాటెక్ హీలియో పీ22టీ ప్రాసెసర్. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రభుత్వం పంచిన ట్యాబ్‌లూ ఈ కోవవే కాబట్టి తెలుగు ఇళ్లలో ఇలాంటివి లక్షల్లో ఉన్నాయి. లెనోవో, షావోమీ, రియల్‌మీల చవక మోడళ్లకూ ఇక్కడి లెక్కలే వర్తిస్తాయి. సెట్టింగ్స్‌లో పేర్లు కాస్త అటూఇటూ మారతాయి, అంతే.

ర్యామ్ నిండితే తప్పేమీ లేదు

ముందుగా వదిలించుకోవాల్సిన భ్రమ: ర్యామ్ ఖాళీగా ఉంటేనే ట్యాబ్ ఆరోగ్యంగా ఉన్నట్టు. ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది లైనక్స్. ఖాళీగా పడున్న ర్యామ్‌ను అది వృథా కింద లెక్కేస్తుంది. మీరు వదిలేసి వచ్చిన యాప్‌ను చంపకుండా ర్యామ్‌లోనే అట్టేపెడుతుంది, మళ్లీ తెరిస్తే అరసెకనులో కళ్ల ముందుండాలని. ఈమధ్య చదివిన ఫైళ్ల నకళ్లనూ అక్కడే ఉంచుతుంది. అందుకే సెట్టింగ్స్‌లోని డివైస్ కేర్‌లో ర్యామ్ 75 శాతం వాడకంలో ఉన్నట్టు కనబడితే కంగారుపడాల్సింది ఏమీ లేదు. 3 జీబీ ట్యాబ్‌లో అది రోజువారీ సంగతే.

3 జీబీ అన్నా అంతా మన చేతికి రాదు. కెర్నల్‌కు (సిస్టమ్ మూలభాగం), గ్రాఫిక్స్‌కు కొంత ముందే పక్కకు పోతుంది. మిగిలినదాంట్లో సగానికి పైగా సిస్టమ్, గూగుల్ ప్లే సర్వీసెస్, హోమ్ స్క్రీన్, కీబోర్డు, నోటిఫికేషన్ పట్టీ కలిసి తినేస్తాయి. మన యాప్‌లకు మిగిలేది ఒక జీబీకి అటూఇటూ. ఇక యాప్‌ల ఆకలి చూడండి. 12 మెగాపిక్సెల్ ఫొటో ఫైలుగా 4 ఎంబీ ఉండొచ్చు. తెర మీద పూర్తి సైజులో విప్పితే అది 4000 × 3000 చుక్కలు, చుక్కకు 4 బైట్లు, అంటే 48 ఎంబీ. ఎడిటింగ్ యాప్‌లో ఒక ఫొటో తెరిచి, దాని మీద రెండు లేయర్లు పెడితే 150 ఎంబీ దాకా పోయినట్టే.

ర్యామ్ తరిగిపోతున్నప్పుడు సిస్టమ్ మూడు పనులు చేస్తుంది. ఈ మూడింటినీ అర్థం చేసుకుంటే మిగతా వ్యాసమంతా తేలిక.

మొదటిది కుదించడం. కొద్దిసేపుగా ఎవరూ ముట్టని డేటాను నొక్కి చిన్నది చేసి ర్యామ్‌లోనే ఒక మూల పెడుతుంది. దీన్నే జడ్‌ర్యామ్ అంటారు. వాడని దుప్పట్లను చుట్టగా చుట్టి తాడు కట్టి పెట్టినట్టు: చోటు కలిసొస్తుంది, కానీ కావాలన్నప్పుడు విప్పాలి. సాధారణంగా రెండు మూడు రెట్ల చోటు ఆదా అవుతుంది. విప్పడం, చుట్టడం ప్రాసెసర్ చేయాలి. పీ22టీలో ఉన్న ఎనిమిది కోర్లూ కార్టెక్స్ ఏ53 రకానివి. పొదుపైనవే గానీ బలమైనవి కావు. యాప్ మారుస్తుంటే తెర తడబడుతూ కదలడానికి ఒక కారణం ఇదే.

రెండోది పారేయడం. యాప్‌ల కోడు ఎలాగూ స్టోరేజ్‌లో ఉంటుంది కాబట్టి ర్యామ్‌లో ఉన్న దాని నకలును పారేసినా నష్టం లేదనుకుంటుంది సిస్టమ్. అసలు నెమ్మదితనం పుట్టేది ఇక్కడే. ఒత్తిడి బాగా పెరిగితే మీరు ప్రస్తుతం వాడుతున్న యాప్ కోడును కూడా కొంత పారేస్తుంది, మరుక్షణం అది కావాల్సొచ్చి స్టోరేజ్ నుంచి మళ్లీ చదువుతుంది, దానికి చోటు కోసం ఇంకోటి పారేస్తుంది. పారేయడం, తెచ్చుకోవడం, పారేయడం. తెర స్ట్రక్కయి, వేలు పెట్టినా పలకని ఆ నాలుగైదు సెకన్లలో లోపల జరుగుతున్నది చాలావరకు ఇదే. ర్యామ్ నుంచి ఒక ముక్క చదవడానికి పట్టే కాలంతో పోలిస్తే చవక ట్యాబ్‌లలో ఉండే ఈఎంఎంసీ రకం స్టోరేజ్ నుంచి చదవడానికి పట్టేది వెయ్యి రెట్ల స్థాయిలో ఉంటుంది. ట్యాబ్‌ను నెమ్మదింపజేసేది ర్యామ్ నిండడం కాదు, ఒకసారి పారేసినదాన్ని మళ్లీ మళ్లీ తెచ్చుకోవాల్సి రావడం.

మూడోది చంపడం. ఆండ్రాయిడ్ ప్రతి యాప్‌కూ ఒక అంకె వేస్తుంది. తెర మీద ఉన్నదానికి సున్నా. పాట పాడుతున్న ప్లేయర్‌కు, కీబోర్డుకు 200 దగ్గర. హోమ్ స్క్రీన్‌కు 600. ఇప్పుడే వదిలొచ్చిన యాప్‌కు 700. ఎప్పుడో వదిలేసినవి 900 పైన. చోటు కావాల్సొస్తే పెద్ద అంకె నుంచి కిందికి చంపుకుంటూ వస్తుంది.

ఈ అంకెలు తెలిస్తే ఏ పరికరమూ లేకుండా రోగ తీవ్రత చెప్పొచ్చు. గంట క్రితం తెరిచిన యాప్ మళ్లీ మొదటినుంచి మొదలైతే అది మామూలే, 900 పైవాళ్లు పోయారు. వాట్సాప్‌లో ఓటీపీ చూసి బ్యాంక్ యాప్‌కు తిరిగొచ్చేసరికి అది లాగిన్ పేజీకి వెళ్లిపోయిందంటే 700 కూడా పోతోంది (కొన్ని బ్యాంక్ యాప్‌లు భద్రత కోసం కావాలనే అలా చేస్తాయి, కాబట్టి ఇంకో యాప్‌తో కూడా చూడండి). హోమ్ స్క్రీన్ ఖాళీగా వచ్చి ఐకాన్లు తర్వాత తేలుతుంటే 600 దాకా దిగింది, అంటే ఒత్తిడి ఎక్కువగానే ఉంది. ఇంకో యాప్ తెరవగానే పాట ఆగిపోతుంటే, కీబోర్డు ప్రతిసారీ కొత్తగా లేచి వస్తుంటే, ఆ ట్యాబ్ మీద మోయలేనంత బరువు పెట్టారన్నమాట.

ముందు రోగమేంటో తేల్చుకోవాలి

నెమ్మదితనాలన్నీ ర్యామ్‌వి కావు. నెట్ స్లోగా ఉంటే కూడా 'ట్యాబ్ హ్యాంగవుతోంది' అనేస్తారు. ఏరోప్లేన్ మోడ్ వేసి, సెట్టింగ్స్ తెరిచి, పైకీ కిందికీ జరపండి. నీళ్లలా జారుతుంటే ట్యాబ్‌కు ఏమీ కాలేదు, వైఫై సంగతి చూసుకోవాలి. అక్కడే తడబడితే ముందుకు వెళ్దాం.

పవర్ సేవింగ్ ఆన్‌లో ఉందేమో చూడండి. శాంసంగ్‌లో ఈ మోడ్ కింద ప్రాసెసర్ వేగాన్ని 70 శాతానికి పరిమితం చేసే స్విచ్ ఉంటుంది. పిల్లల చేతిలో తిరిగే ట్యాబ్‌లలో ఎవరో ఒకసారి ఆన్ చేసి మరిచిపోయినవి చాలానే కనబడతాయి. వేడి కూడా అంతే. మందపాటి రబ్బరు కవరు, చార్జింగ్ పెట్టి ఆట, మే నెల మధ్యాహ్నం: ఈ మూడూ కలిస్తే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. చల్లబడ్డాక బాగైపోతే ర్యామ్‌ను అనుమానించనక్కర్లేదు.

ఆ తర్వాత రీస్టార్ట్ చేసి, పది నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయండి. ఈ పది నిమిషాలు ముఖ్యం. బూటవగానే లేచే యాప్‌లు, ప్లే స్టోర్ అప్‌డేట్లు, ఖాతాల సింక్ అన్నీ ఒకేసారి మీద పడతాయి, ఆ గందరగోళంలో కొలిస్తే తప్పుడు లెక్క వస్తుంది. తర్వాత డెవలపర్ ఆప్షన్స్ తెరవాలి. శాంసంగ్‌లో సెట్టింగ్స్, అబౌట్ ట్యాబ్లెట్, సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్, అక్కడ బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే ఆ మెనూ బయటపడుతుంది. షావోమీలో ఓఎస్ వెర్షన్ మీద నొక్కాలి. అందులో రెండు చోట్లు చూడాలి.

ఒకటి 'మెమరీ'. గడిచిన 3 గంటల నుంచి ఒక రోజు దాకా ఏ యాప్ సగటున ఎంత ర్యామ్ తిన్నదో చూపిస్తుంది. కొన్ని కొత్త వెర్షన్లలో ముందు ప్రొఫైలింగ్ ఆన్ చేసి రీస్టార్ట్ చేయమని అడుగుతుంది. ఇంకొకటి 'రన్నింగ్ సర్వీసెస్'. ఇది ఈ క్షణంలో నడుస్తున్నవాటి జాబితా. పైన పట్టీలో సిస్టమ్ ఎంత, యాప్‌లు ఎంత, ఖాళీ ఎంత అని కనిపిస్తుంది. ఆ 'ఖాళీ'లో అట్టేపెట్టిన యాప్‌లు కూడా కలిసే ఉంటాయి, కావాలంటే తక్షణం వదిలించుకోదగ్గవి అని అర్థం. 3 జీబీ ట్యాబ్‌లో అది 700, 800 ఎంబీ ఉంటే ఊపిరి ఆడుతున్నట్టే. అంతా మూసేసినా 300 ఎంబీ దాటట్లేదంటే ఏదో యాప్ కూర్చుని తింటోంది.

అదెవరో తేల్చడానికి సేఫ్ మోడ్‌ను మించినది లేదు. పవర్ మెనూ తెచ్చుకుని, 'పవర్ ఆఫ్' గుర్తును వేలితో నొక్కి పట్టుకుంటే 'సేఫ్ మోడ్' వస్తుంది. ఇందులో మీరు వేసుకున్న యాప్‌లేవీ నడవవు. ఇక్కడ ట్యాబ్ చురుగ్గా ఉంటే దోషి మీ యాప్‌లలోనే ఉంది. ఇక్కడ కూడా ఈడుస్తుంటే స్టోరేజ్ వైపు తిరగాలి. మామూలుగా రీస్టార్ట్ చేస్తే సేఫ్ మోడ్‌లోంచి బయటపడతారు.

స్టోరేజ్ అసలు ఎందుకు మధ్యలోకి వస్తుంది

చవక ట్యాబ్‌లలో వాడేది ఈఎంఎంసీ, ఖరీదైనవాటిలో యూఎఫ్‌ఎస్. ఈఎంఎంసీ 5.1 కాగితం మీద సెకనుకు 400 ఎంబీ దాకా ఇస్తుంది, అదీ ఒకే పెద్ద ఫైలును వరసగా చదివితే. సిస్టమ్‌కు కావాల్సింది అది కాదు, ఎక్కడెక్కడివో చిన్నచిన్న 4 కేబీ ముక్కలు. అక్కడ దాని వేగం బాగా పడిపోతుంది. పైగా ఒకే సమయంలో చదవడం, రాయడం రెండూ చేయలేదు. యూఎఫ్‌ఎస్‌కు ఆ ఇబ్బంది లేదు. ప్లే స్టోర్ వెనకాల ఒక అప్‌డేట్ రాస్తూ ఉంటే మీరు తెరుస్తున్న యాప్ చదువుడు వరసలో నిలబడుతుంది. అప్‌డేట్లు జరుగుతున్నంతసేపూ ట్యాబ్ బిగుసుకుపోవడానికి కారణం ఇదే.

నిండేకొద్దీ ఇంకా దిగజారుతుంది. స్టోరేజ్‌గా ఉండే ఫ్లాష్ చిప్‌లో రాయడం చిన్న పేజీల్లో జరుగుతుంది, చెరపడం మాత్రం ఎన్నో పేజీలు కలిసిన పెద్ద బ్లాకుల్లోనే సాధ్యం. ఖాళీ బ్లాకులు దొరకనప్పుడు చిప్ ఏం చేస్తుందంటే, సగం పనికొచ్చే డేటా ఉన్న బ్లాకును వెతికి, ఆ డేటాను ఇంకోచోటికి మార్చి, బ్లాకును చెరిపి, అప్పుడు రాస్తుంది. మీరు రాయమన్నది ఒక పేజీ, అది చేసిన పని అంతకు ఎన్నో రెట్లు.

దీనికి చరిత్రలో మంచి సాక్ష్యం 2012 నాటి నెక్సస్ 7. గూగుల్ కోసం ఆసుస్ తయారుచేసిన ఈ ట్యాబ్ 199 డాలర్లకు వచ్చి బాగా అమ్ముడుపోయింది. ర్యామ్ 1 జీబీ, మొదటి మోడల్ స్టోరేజ్ 8 జీబీ. నెలలు గడిచేకొద్దీ, ముఖ్యంగా స్టోరేజ్ నిండాక, కదలడమే మానేసింది. డిలీట్ చేసిన ఫైళ్ల చోటు ఖాళీ అయిందన్న కబురు చిప్‌కు అందకపోవడం అందులో పెద్ద లోపం. చిప్ దృష్టిలో చెత్త కూడా డేటాయే, దాన్నీ మోసుకు తిరిగేది. 2013 జులైలో వచ్చిన ఆండ్రాయిడ్ 4.3లో ఆ కబురు పంపే ట్రిమ్ ఏర్పాటు చేర్చాక చాలా ట్యాబ్‌లు తేరుకున్నాయి. ఏడాదిన్నరకు ఆండ్రాయిడ్ 5 వచ్చి మళ్లీ కుంగదీసింది, అది వేరే కథ. హార్డ్‌వేర్ అదే ఉండగా సాఫ్ట్‌వేర్ బరువు పెరిగితే ఏమవుతుందో చెప్పడానికి ఇప్పటికీ దాన్నే చూపిస్తారు.

ట్రిమ్ ఇప్పుడు అన్ని ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలోనూ ఉంది. కాకపోతే అది జరిగేది ట్యాబ్ ఎవరూ ముట్టకుండా, చార్జింగ్‌లో ఉన్నప్పుడు. యాప్‌లను వేగంగా తెరుచుకునేలా మళ్లీ కంపైల్ చేసే (ప్రాసెసర్ భాషలోకి ముందే మార్చిపెట్టే) పని కూడా అప్పుడే జరుగుతుంది. పగలు వాడుతూ చార్జ్ చేసి, రాత్రి స్విచాఫ్ చేసే అలవాటున్న ఇళ్లలో ఈ రెండూ జరగడానికి సందు దొరకదు. వారానికి ఒకటి రెండు రాత్రులు ఆన్‌లోనే ఉంచి, చార్జర్‌కు తగిలించి వదిలేయండి. పెద్ద సిస్టమ్ అప్‌డేట్ వచ్చాక రెండు మూడు రోజులు నెమ్మదిగా ఉండడం కూడా దీనివల్లే, కాబట్టి అప్‌డేటైన రోజే ఫ్యాక్టరీ రీసెట్‌కు తొందరపడకండి.

ఎంత ఖాళీ ఉంచాలి? మొత్తంలో 15 నుంచి 20 శాతం, అంటే 32 జీబీ ట్యాబ్‌లో 5, 6 జీబీ. 32లో సిస్టమ్ పోను మీ చేతికొచ్చేది 20 జీబీకి అటూఇటూ కాబట్టి ఇది కష్టంగానే అనిపిస్తుంది. చోటు ఎక్కువగా దొరికేది వాట్సాప్‌లో: సెట్టింగ్స్, స్టోరేజ్ అండ్ డేటా, మేనేజ్ స్టోరేజ్‌లోకి వెళ్తే 5 ఎంబీ దాటినవి, పదేపదే ఫార్వర్డ్ అయినవి వేరుగా చూపిస్తుంది. గుడ్ మార్నింగ్ పూలూ, పండగ వీడియోలూ కలిపి 3, 4 జీబీ తేలడం వింతేమీ కాదు. ఓటీటీ యాప్‌లలో డౌన్‌లోడ్ చేసి చూసేసిన సినిమాలు రెండో నిధి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో వాడని యాప్‌లను ఆర్కైవ్ చేసే స్విచ్ ఉంది, ఆన్ చేసుకోండి. యాప్ దేహం పోయి దాని డేటా మిగులుతుంది.

మెమరీ కార్డు వేస్తే స్టోరేజ్ ఖాళీ అవుతుంది, ర్యామ్ మాత్రం అంగుళం కూడా పెరగదు. కార్డులో ఫొటోలు, సినిమాలు, పాఠాల వీడియోలు పెట్టుకోండి. యాప్‌లను కార్డుకు తరలించే వీలు మీ ట్యాబ్‌లో ఉన్నా, అడ్డమైన కార్డుకూ తరలించకండి. కార్డు మీద 'ఏ1' అని ఉంటే సెకనుకు కనీసం 1500 సార్లు చిన్న ముక్కలు చదవగలదని, 500 సార్లు రాయగలదని హామీ. 'క్లాస్ 10' అనేది వీడియో రికార్డింగ్ లాంటి వరస రాతకు సంబంధించిన హామీ మాత్రమే, యాప్‌లకు దానితో పనిలేదు.

ర్యామ్ తినేవాళ్లను పట్టుకోవడం

ర్యామ్ విషయంలో జనం చూపు రీసెంట్ యాప్స్ మీద పడుతుంది. గంటకోసారి అన్నీ పైకి తోసి మూసేస్తుంటారు. అక్కడ ఉన్నవాటిలో చాలావరకు 900 పైన ఉన్న నిద్రపోతు యాప్‌లు. ఆండ్రాయిడ్ 11 తర్వాత కెర్నల్ సహకరించే ట్యాబ్‌లలో వాటిని గడ్డకట్టించి ప్రాసెసర్ వాడకుండా ఆపేసే ఏర్పాటు కూడా ఉంది. వాటిని మూసేస్తే తర్వాత తెరిచినప్పుడు అంతా మళ్లీ స్టోరేజ్ నుంచి చదవాలి, అంటే మనం తప్పించాలనుకున్న పనినే చేతులారా చేయించడం. ఒక పెద్ద ఆట తెరవబోతూ క్రోమ్‌ను మూయడంలో అర్థం ఉంది, అలవాటుగా మూయడంలో లేదు.

నిజంగా తినేవాళ్లు రీసెంట్స్‌లో కనబడరు. యాక్సెసిబిలిటీ అనుమతి తీసుకున్న యాప్‌లు, తెర మీద తేలే చాట్ బుడగలు, కదిలే వాల్‌పేపర్లు, వాతావరణం, వార్తల విడ్జెట్లు, వీపీఎన్‌లు, యాడ్ బ్లాకర్లు, యాంటీవైరస్‌లు, రంగురంగుల థీమ్ కీబోర్డులు. వీటిలో చాలావాటిని సిస్టమ్ 'వాడకంలో ఉన్నవి' కింద లెక్కేస్తుంది కాబట్టి తొందరగా చంపదు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరిచి ఒక్కొక్కటీ 'ఇది నాకు దేనికి?' అని అడుగుతూ ఆపండి. చూపు సరిగా లేనివారికి అవసరమైన టాక్‌బ్యాక్ లాంటివి ఇందులోనే ఉంటాయి, అవి ముట్టుకోవద్దు.

ఇంటిల్లిపాదీ వాడే ట్యాబ్‌లో ఇంకో దొంగ ఉంటాడు: రెండో యూజర్. నాన్నకొక ఖాతా, పాపకొక ఖాతా పెట్టుకోవడం మంచి ఏర్పాటే. కానీ పాప ఖాతాలోంచి నాన్న ఖాతాకు మారినప్పుడు మొదటిది ఆగిపోదు, తన సర్వీసులతో సహా వెనక నడుస్తూనే ఉండొచ్చు. 3 జీబీ మీద రెండు కాపురాలు. ఖాతా మార్చాక ఒకసారి రీస్టార్ట్ చేస్తే రెండోది దిగిపోతుంది. 2 జీబీ ట్యాబ్‌లో అయితే ఒకే యూజర్ ఉంచండి.

దోషి దొరికాక ఏం చేయాలన్నదాంట్లో మూడు మెట్లున్నాయి. ఫోర్స్ స్టాప్ చేస్తే యాప్ మీరు మళ్లీ తెరిచేదాకా పడుకుంటుంది, తెరిస్తే మళ్లీ మామూలే. శాంసంగ్‌లో బ్యాటరీ కింద బ్యాక్‌గ్రౌండ్ యూసేజ్ లిమిట్స్‌లో 'డీప్ స్లీపింగ్' జాబితాలో చేరిస్తే మీరు తెరిచినప్పుడే నడుస్తుంది. నోటిఫికేషన్లు రావు, కాబట్టి వాట్సాప్‌ను, అలారం యాప్‌ను అందులో వేయకండి. మూడోది డిసేబుల్. కంపెనీ ముందే వేసిచ్చి తీయనివ్వని యాప్‌లకు ఇదే మందు. డిసేబుల్ చేస్తే అది వెనక నడవదు, అప్‌డేట్లు తెచ్చుకోదు.

బరువైన యాప్‌కు బదులు తేలికపాటిది పెట్టుకోవడం వీటన్నిటికంటే ఎక్కువ ఫలితమిస్తుంది. ఫేస్‌బుక్ బదులు ఫేస్‌బుక్ లైట్. షాపింగ్, రైలు టికెట్లు, వార్తలకు విడిగా యాప్ లేకుండా క్రోమ్‌లోనే సైటు తెరిచి హోమ్ స్క్రీన్‌కు చేర్చుకోవచ్చు. క్రోమ్‌లో తెరిచి వదిలేసిన ముప్పై పేజీలు మాత్రం మూసేయండి. ప్రకటనలు నిండిన వార్తా సైటు ఒక్కటే ఒక మోస్తరు ఆటంత ర్యామ్ లాగుతుంది.

క్లీనర్ యాప్‌ల గురించి నా అభిప్రాయం దాచుకోవాల్సిన పనిలేదు: తీసేయండి. అవి చేసేదల్లా వెనకున్న యాప్‌లను చంపడం. చచ్చిన యాప్‌లు మళ్లీ లేస్తాయి, వాటితోపాటు క్లీనర్ కూడా ర్యామ్‌లో కూర్చుని ప్రకటనలు చూపిస్తుంది. ఆండ్రాయిడ్ 14 నుంచైతే వేరే యాప్‌ల వెనక ప్రాసెస్‌లను చంపే ఆ వీలునే గూగుల్ తీసేసింది. ఏ యాప్ అయినా తన ప్రాసెస్‌లను మాత్రమే చంపుకోగలదు. '1.2 జీబీ శుభ్రం చేశాం' అని రాకెట్ బొమ్మ ఎగిరితే నమ్మడం మానేయొచ్చు.

డెవలపర్ ఆప్షన్స్‌లో 'బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్ లిమిట్' అని ఒకటి ఉంటుంది. దాన్ని సున్నాకు తగ్గించమని చాలా వీడియోలు చెబుతాయి. అలా చేస్తే వదిలొచ్చిన ప్రతి యాప్ చచ్చిపోతుంది, ప్రతిసారీ మొదటినుంచి మొదలవుతుంది. రీస్టార్ట్ చేస్తే ఆ సెట్టింగ్ దానంతటదే పోతుంది కాబట్టి నష్టం తాత్కాలికమే. అక్కడే ఉండే యానిమేషన్ స్కేల్స్ (తెర మీది కదలికల నిడివి) మూడింటినీ 0.5కు తగ్గించడం మాత్రం నిరపాయకరం. ర్యామ్ ఏమీ ఆదా కాదు గానీ ట్యాబ్ చురుగ్గా ఉన్నట్టు కంటికి తోస్తుంది.

వర్చువల్ ర్యామ్ అనే ఎర

ర్యామ్ ప్లస్, మెమరీ ఎక్స్‌టెన్షన్, వర్చువల్ ర్యామ్: పేరేదైనా పని ఒకటే. స్టోరేజ్‌లో 2 జీబీనో 4 జీబీనో పక్కన పెట్టి, ర్యామ్‌లో చాన్నాళ్లుగా ముట్టని డేటాను అక్కడికి తోస్తుంది. యూఎఫ్‌ఎస్ ఉండి, 6 జీబీ ర్యామ్ ఉన్న ట్యాబ్‌లో ఇది కొంత మేలు చేస్తుంది, మరికొన్ని యాప్‌లు బతికుంటాయి. ఈఎంఎంసీ ఉన్న 3 జీబీ ట్యాబ్‌లో మాత్రం, అసలే చదువుడు వరస పొడుగ్గా ఉన్న చోట కొత్తగా రాతపని కూడా తగిలించినట్టవుతుంది. స్టోరేజ్ కూడా ఆ మేరకు తరుగుతుంది, చిప్ రాతల ఆయుష్షూ తరుగుతుంది. శాంసంగ్‌లో డివైస్ కేర్, మెమరీ, ర్యామ్ ప్లస్‌లోకి వెళ్లి, ఆపే వీలుంటే ఆపి, లేదంటే అన్నిటికంటే తక్కువ అంకె పెట్టి రీస్టార్ట్ చేయండి. మూడు రోజులు వాడి చూసి, యాప్‌లు మునుపటికంటే ఎక్కువగా మూసుకుపోతుంటే తిరిగి పెంచుకోండి. ఇది ట్యాబ్‌ను బట్టి మారే విషయం, చేసి చూడాల్సిందే.

ఐప్యాడ్‌లలో లెక్క కొంచెం వేరు. అక్కడ వెనక యాప్‌లను సిస్టమ్ ముందునుంచీ నిర్దాక్షిణ్యంగా చంపుతుంది కాబట్టి తెర తడబడడం తక్కువ, పేజీలు మళ్లీ లోడవడం ఎక్కువ. 2021 నాటి తొమ్మిదో తరం ఐప్యాడ్‌లో ఉన్నది 3 జీబీయే. స్టోరేజ్‌ను ర్యామ్‌కు తోడుగా వాడే ఏర్పాటు ఐప్యాడ్ ఓఎస్ 16తో వచ్చింది, అదీ ఎం1 లాంటి బలమైన చిప్‌లున్న వాటికి.

ఫ్యాక్టరీ రీసెట్‌కు ముందు, తర్వాత

పైవన్నీ చేసినా సేఫ్ మోడ్‌లో కూడా ఈడుస్తుంటే రికవరీలో (ఆండ్రాయిడ్ మొదలవకముందే వచ్చే మరమ్మతు మెనూ) 'వైప్ క్యాష్ పార్టిషన్', 'రిపేర్ యాప్స్' మిగిలాయి. శాంసంగ్‌లో ట్యాబ్‌ను ఆఫ్ చేసి, కంప్యూటర్‌కు కేబుల్‌తో కలిపి, పవర్, వాల్యూమ్ అప్ కలిపి పట్టుకుంటే రికవరీ వస్తుంది. ఆండ్రాయిడ్ 11 నుంచి ఆ కేబుల్ లేకపోతే చాలా మోడళ్లు రికవరీలోకి రానివ్వవు, అక్కడే చాలామంది ఆగిపోతారు. వాల్యూమ్ బటన్లతో జరిపి, పవర్‌తో ఎంచుకోవాలి. ఈ రెండింటివల్లా మీ ఫొటోలు పోవు. పక్కనే ఉండే 'వైప్ డేటా' నొక్కితే మాత్రం అన్నీ పోతాయి, వరస చూసుకుని నొక్కండి.

రీసెట్ చేయాల్సొస్తే ముందు గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ గుర్తుందో లేదో వేరే ఫోన్‌లో లాగినై చూసుకోండి. లేకపోతే రీసెట్ తర్వాత ట్యాబ్ తాళం పడి కూర్చుంటుంది. వాట్సాప్ బ్యాకప్, ఫొటోలు, కార్డు బయటికి తీయడం అయ్యాక రీసెట్. తర్వాత 'పాత యాప్‌లన్నీ తిరిగి వేయనా' అని అడిగితే వద్దనండి. అన్నీ ఒకేసారి తెచ్చుకుంటే వారానికి పాత చోటికే చేరతారు. కావాల్సినవి ఐదారు వేసి, రెండు రోజులు చూసి, తర్వాత ఒక్కొక్కటే కలుపుకుంటూ పోతే ఏది వేశాక బరువెక్కిందో వెంటనే తెలుస్తుంది.

రీసెట్ చేసి, ఏ యాప్ వేయకముందే నెమ్మదిగా ఉంటే స్టోరేజ్ చిప్‌నే అనుమానించాలి. దానంతటదే రీస్టార్ట్ అవడం, లోగో దగ్గర నిమిషాలకొద్దీ ఆగిపోవడం, చోటున్నా యాప్ అప్‌డేట్లు ఫెయిలవడం, సేవ్ చేసిన ఫొటో తర్వాత కనబడకపోవడం: ఈఎంఎంసీ ముసలిదైపోయిందని చెప్పే గుర్తులివి. ఈ దశలో మొదట చేయాల్సింది డేటాను వేరేచోట దాచుకోవడం, మిగతాదంతా తర్వాత. ర్యామ్ పెంచిస్తామని ఎవరైనా రిపేరు షాపులో చెబితే నవ్వి వచ్చేయండి. చవక ట్యాబ్‌లలో చాలాసార్లు ర్యామ్, స్టోరేజ్ రెండూ కలిపి ఒకే చిప్‌గా బోర్డుకు అతికించి ఉంటాయి. మార్చాలంటే ఆ చిప్‌ను వేడి గాలితో ఊడదీసి, బంతుల్లాంటి టంకం చుక్కలు మళ్లీ పేర్చి, సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. ఆ కూలీకి ఇంకొంత కలిపితే చిన్న కొత్త ట్యాబ్ వస్తుంది.

2 జీబీ ట్యాబ్‌కు పైన చెప్పిన చిట్కాలన్నీ కలిపినా కొద్ది నెలల ఊరటే. గూగులే 2 జీబీని తేలికపాటి ఆండ్రాయిడ్ గో ఎడిషన్‌కు కేటాయించింది, ఆండ్రాయిడ్ 13 గోతో దానికే అది కనీస అర్హత అయింది. అలాంటిదాన్ని ఒకే పనికి అంకితం చేయడం మేలు: పుస్తకాలు చదవడానికో, వంటింట్లో పాటలకో, పిల్లల పాఠాల వీడియోలకో. కొత్తది కొనేటప్పుడు 4 జీబీని కనీసంగా, 6 లేదా 8ని సుఖంగా లెక్కేసుకోండి. పెట్టె మీద '8 జీబీ + 8 జీబీ' అని ఉంటే ముందు అంకెనే నమ్మండి, కూడిక గుర్తు తర్వాతది స్టోరేజ్ నుంచి కోసిచ్చేదే. స్టోరేజ్ రకం పెట్టె మీద రాయకపోతే, కంపెనీ సైటులో స్పెసిఫికేషన్స్ తెరిచి యూఎఫ్‌ఎస్ అన్న మాట వెతకండి. యూఎఫ్‌ఎస్ ఉంటే కంపెనీలు గొప్పగా చెప్పుకుంటాయి, ఎక్కడా రాయలేదంటే ఈఎంఎంసీ అనుకుని బేరమాడటమే.